మూగదెబ్బ లెక్క

మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్టులో బస్తాల మధ్య ఒత్తిగిలి నడవాల్సిందే. అడ్తి దుకాణంలో గుమస్తాను కాబట్టి చేతిలో చిట్టీలు, చెవి దగ్గర ఫోను. తప్పు నాదే. కాంటా ఇనుప అంచు ఎడమ తొడకు బలంగా తగిలింది. చర్మం చిట్లలేదు, చుక్క రక్తం రాలేదు. హనుమకొండలో ఇల్లు చేరేసరికి మాత్రం అరచేయంత మేర కమిలి ఉబ్బింది.

అమ్మ అప్పుడే పెనం మీద ఉప్పు వేయించి మూట కడుతోంది. కాపడం పెట్టి, నూనె రాసి గట్టిగా రుద్దుతానంది. వద్దన్నాను. లోపల సన్నని రక్తనాళాలు తెగి రక్తం ఊరుతున్నప్పుడు వేడి తగిలితే అవి ఇంకా విప్పారతాయి. రుద్దితే కారడం ఎక్కువవుతుంది. మొదటి రెండు రోజులు చల్లదనమే మందు. తువ్వాలులో ఐసు ముక్కలు చుట్టి పదిహేను నిమిషాలు పెట్టడం, తీసేయడం, రెండు మూడు గంటలాగి మళ్ళీ పెట్టడం. కాలు రెండు దిండ్ల మీద. నొప్పికి పారాసిటమాల్ వేసుకున్నాను. ఆస్పిరిన్ జోలికి పోలేదు, దానితో రక్తం త్వరగా గడ్డకట్టదు. అమ్మకు గుండె డాక్టరు రాసిచ్చినది అదే, ఆమె మానకూడదు. గడప తగిలినా ఆమె కాలు నల్లబడేది అందుకే.

కాలు మోపలేకపోయినా, వాపు గట్టిపడుతూ పెరిగినా, తిమ్మిరెక్కినా ఆ రాత్రే ఆసుపత్రికి పోయేవాణ్ణి. దెబ్బే తగలకుండా ఒంటి మీద మచ్చలు తేలడం వేరే సంగతి, దానికి ఇంటి వైద్యం లేదు.

మూడో రోజు పొద్దున నేనే అడిగాను, "అమ్మా, ఆ ఉప్పు మూట ఏదీ?" అమ్మ మాట్లాడలేదు. పెనం మాత్రం పొయ్యి మీద చప్పుడయ్యేలా పెట్టింది. కారడం ఆగాక వెచ్చదనం మంచిదే, పేరుకున్న రక్తాన్ని శరీరం త్వరగా పీల్చుకుంటుంది. మూటను ముందు ముంజేతికి ఆనించి చూసుకునేవాణ్ణి.

లెక్కలు రాసే చెయ్యి ఊరుకోదు. రోజూ రంగు చూసి చిట్టీ వెనకాల రాశాను. నా చామనఛాయ మీద ఎరుపు తేలలేదు, నేరుగా నలుపు కలిసిన ఊదా. ఆరో రోజు అంచుల్లో ఆకుపచ్చ, తొమ్మిదో రోజుకు పసుపుపచ్చ. రక్తంలోని ఎర్ర పదార్థం విరిగి ముందు ఆకుపచ్చని బిలివర్డిన్, తర్వాత పసుపుపచ్చని బిలిరుబిన్ అవుతుంది. కామెర్లలో కళ్ళను పచ్చబరిచేది ఈ రెండోదే.

ఆ చిట్టీ సేటు కంటపడింది. "తొమ్మిదో తారీఖున పసుపు అని రాశావు, ఏ రైతుదయ్యా? మనం మిర్చి తప్ప పట్టలేదే!"