రికెల్మే: ఆగి ఆడే ఆట

అర్జెంటీనా ఫుట్‌బాల్ ఆటగాడు రికెల్మే పరుగులో వేగం ఉండేది కాదు. అరికాలితో బంతిని తొక్కిపట్టి, వీపుతో డిఫెండర్‌ను ఆపి, సహచరుడు ఖాళీలోకి ఉరికేదాకా ఆగడమే అతని పనిగా ఉండేది. అందుకు మైదానం మధ్యలో ఉండాలి. 2002లో బార్సిలోనాకు వెళ్తే కోచ్ వాన్ హాల్ మైదానం అంచుకు నెట్టాడు. ఒకపక్క గీత ఉంటే తిరగడానికి సగం దారులు మూసుకుపోయినట్టే. తర్వాత చేరిన స్పెయిన్ క్లబ్ విల్లారియల్ మళ్లీ మధ్యలో ఆడించింది, 2006లో యూరప్ క్లబ్‌ల టోర్నీ ఛాంపియన్స్ లీగ్ సెమీస్ చేరింది. అక్కడ ఆర్సెనల్‌పై ఆఖరి నిమిషాల్లో అతని పెనాల్టీని గోల్‌కీపర్ లేమన్ ఆపేశాడు.

అదే ఏడాది ప్రపంచకప్ క్వార్టర్స్‌లో జర్మనీపై 1-0 ఆధిక్యంలో ఉండగా అర్జెంటీనా కోచ్ పెకెర్‌మన్ అతన్ని బయటికి పిలిచి కాంబియాసోను దించాడు. బంతిని దాచిపెట్టే మనిషినే తీసేశాక ఆధిక్యం ఎలా నిలుస్తుంది? జర్మనీ ఆటగాడు క్లోసా సమం చేశాడు, అర్జెంటీనా పెనాల్టీల్లో ఓడింది. 2007లో తన పాత అర్జెంటీనా క్లబ్ బోకాకు తిరిగొచ్చి, దక్షిణ అమెరికా క్లబ్‌ల టోర్నీ లిబెర్టాడోరెస్ ఫైనల్లో బ్రెజిల్ క్లబ్ గ్రేమియోపై రెండు మ్యాచ్‌ల్లో కలిపి 3 గోల్స్ కొట్టాడు.