ఇరవై రెండు పళ్ల ఫ్రీవీల్

మన బడి బ్యాచ్ కలయిక కమిటీ వాళ్లు ఆ రోజుల గురించి పేజీన్నర అడిగారు. ఆరో తరగతి నుంచి తొమ్మిది దాకా నాకు పెద్దగా గుర్తు లేదు, గుర్తున్నవి అచ్చు వేయించేవీ కావు. కాబట్టి పదో తరగతి అరకు సైకిలు యాత్ర గురించే రాస్తాను. ఉప్మా, జంపఖానా సంగతులు మన బ్యాచ్‌కే తెలుసు, ఎవరికి వారు నవ్వుకోండి.

ఎస్.కోట (శృంగవరపుకోట) నుంచి అరకు అరవై కిలోమీటర్ల పైచిలుకు. బొడ్డవర దాటాక ఎక్కుడు మొదలు. అనంతగిరి, సుంకరిమెట్ట కాఫీ తోటలు దాటేదాకా అదే వరస. ఆ కొండల్లోనే కిరండూల్ రైలు లైను శిమిలిగుడ దగ్గర 996 మీటర్ల ఎత్తుకి చేరుతుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే వేడి ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. పైగా డిసెంబరు రాత్రి చల్లగాలి లోయలోకి దిగి పేరుకుంటుంది. అందుకే తెల్లవారుజామున అరకు అలా వణికిస్తుంది.

డ్రిల్లు మాస్టారు ముందు బళ్ల పని పట్టారు. మన హీరో, అట్లాస్ సైకిళ్లకి ముందు పళ్ల చక్రానికి 44 పళ్లు, వెనక చక్రం మీది ఫ్రీవీల్‌కి 18. తొక్కు ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు అయిదున్నర మీటర్లు పోవాలి. ఘాట్‌లో మోకాళ్లు పోతాయి. వెనక 22 పళ్లది వేస్తే ఆ చుట్టు నాలుగున్నర మీటర్లకి దిగుతుంది. అయితే చైనుకి రెండు లింకులు కలపాలి. ఫ్రీవీల్‌ని కిరసనాయిలుతో కడిగి కుట్టుమిషను నూనె నాలుగు చుక్కలే వేయాలి. చిక్కటి గ్రీజు చలికి బిగుసుకుంటే లోపలి మీటలు పళ్లని పట్టవు, తొక్కు ఊరికే తిరుగుతుంది. నిలబడి తొక్కితే వదులయ్యేది కాటర్ పిన్ను, అంటే తొక్కు చేతిని ఇరుసుకి బిగించే మేకు. నట్టు ఒక్కటే బిగిస్తే లాభం లేదు. తొక్కు చేతి కింద రాయి ఆనించి, పిన్నుని సుత్తితో కొట్టి కూర్చోబెట్టి, ఆ తర్వాతే నట్టు.

పంచరు వేసేటప్పుడు తొందర పనికిరాదు. చలిలో సొల్యూషన్ నిదానంగా ఆరుతుంది. వేలు పెడితే అంటుకోనంత ఆరాకే ప్యాచీ నొక్కాలి.

“ఒరే గుంటలూ, ఎక్కలేకపోతే దిగి నడుస్తారు. దిగుడులో ఏటి చేస్తారు?” అనేవారు మాస్టారు. మంచుకి తడిసిన స్టీలు రిమ్ము మీద బ్రేకు రబ్బరు జారిపోతుంది. మలుపుకి చాలా ముందే తేలిగ్గా నొక్కి రిమ్ము తుడవాలి, అసలు పట్టు ఆ తర్వాతే వస్తుంది. ఒకే బ్రేకు పట్టుకు వేలాడితే రబ్బరు కాలుతుంది. రిమ్ము వేడెక్కితే ట్యూబు మీది పాత ప్యాచీ ఊడుతుంది. ముందుదీ వెనకదీ మార్చి మార్చి నొక్కాలి, మధ్యలో బండి ఆపి వేళ్లు చంకలో పెట్టుకోవాలి, ఎందుకంటే తిమ్మిరెక్కిన వేలికి ఎంత నొక్కిందీ తెలియదు. దిగేముందు చెమట బనీను మార్చి, చొక్కా లోపల ఛాతీకి న్యూస్‌పేపరు.

ఉద్యోగమంతా నేను రైల్వేలో గూడ్సు బ్రేకులే చూశాను. శిక్షణలో బ్రేకు బ్లాకు వేడి గురించి చెప్పినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. మా అమ్మాయి గేర్ల బండి మీద మనాలి నుంచి లేహ్ వెళ్లొచ్చింది. డిస్కు బ్రేకులట. అయినా ముందుదీ వెనకదీ మార్చి నొక్కడం ఎవరు నేర్పారో నన్నడక్కండి.

జనవరి కలయికకి కమిటీ బస్సు మాట్లాడింది. మొండిగా సైకిలు మీదే వస్తామనేవాళ్లు కొత్త బ్రేకు రబ్బర్లు, రెండు కాటర్ పిన్నులు వెంట తెచ్చుకోండి. పంపు నేను తెస్తాను, మన బ్యాచ్‌లో పంపు ఎవరికి ఇవ్వకూడదో కూడా నాకు గుర్తుంది.