స్టీమ్ డెక్‌లో ఆర్మ్ చిప్ ఎందుకు పెట్టలేదంటే

మొన్న మా తమ్ముడు అడిగాడు, అన్నా ఫోన్లలో ఆర్మ్ చిప్పులు అంత తక్కువ కరెంటుతో నడుస్తాయి కదా, స్టీమ్ డెక్‌లో (వాల్వ్ కంపెనీవాళ్ల చేతిలో పట్టుకుని ఆడే గేమింగ్ పీసీ) కూడా అదే పెట్టేస్తే పోయేదిగా అని. మంచి ప్రశ్నే, కానీ చిక్కంతా చిప్పులో కాదు, గేముల్లో ఉంది.

2017లో స్విచ్ అనే గేమ్ కన్సోల్ తెచ్చినప్పుడు నింటెండోకి ఈ గొడవ లేదు, గేములన్నీ దానికోసమే తయారవుతాయి కాబట్టి ఎన్విడియా టెగ్రా ఎక్స్1 అనే ఆర్మ్ చిప్ హాయిగా పెట్టేసుకుంది. 2022లో వాల్వ్ పరిస్థితి వేరు, జనం ఎప్పుడో కొనుక్కున్న పీసీ గేములే ఇందులో ఆడాలి, అవేమో ఎక్స్86 కోసం, అంటే ఇంటెల్, ఏఎండీ పీసీ చిప్పులకి అర్థమయ్యే ఇన్‌స్ట్రక్షన్లలోకి కంపైల్ చేసినవి. లినక్స్‌తో నడిచే డెక్‌లో విండోస్ గేములు ఆడించే ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్ ఉందిగా అంటారేమో, అది గేము విండోస్‌కి పంపే పిలుపుల్ని లినక్స్‌కి, గ్రాఫిక్స్ కోసం వాడే డైరెక్ట్ఎక్స్‌ని లినక్స్‌లో నడిచే వల్కన్‌కి మారుస్తుంది అంతే, ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్ల జోలికి పోదు. ఆర్మ్ పెడితే వాటిని కూడా మార్చాలి, ఫెక్స్, బాక్స్64 లాంటి సాఫ్ట్‌వేర్లు ఆ పని చేస్తాయి గానీ ఊరికే చెయ్యవు కదా, ఆ చాకిరీకి కూడా బ్యాటరీయే ఖర్చు.

అందుకే వాల్వ్ పెట్టింది ఎక్స్86 రకం ఏఎండీ చిప్, అందులో జెన్ 2 డిజైన్ కోర్లు నాలుగు, లాగే కరెంటు 4 నుంచి 15 వాట్లు. పెద్ద గేమ్ పెడితే మొదటి మోడల్ 40 వాట్-అవర్ బ్యాటరీ రెండు గంటల్లో చేతులెత్తేస్తుంది, అది మాత్రం నిజం.

తీరా చూస్తే మా తమ్ముడికి కావాల్సింది పాత గేమ్‌బాయ్ గేములు ఆడించే ఎమ్యులేటర్లేనట! దానికి చవక ఆర్మ్ డబ్బా చాలురా బాబూ అన్నా.