ఆక్టేవియా, సూపర్బ్, పాసాట్ ఆటోమేటిక్: మన ఎండల్లో గేర్‌బాక్స్ ఆయిల్ లెక్క

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ దిక్కు కుటుంబం కోసం సెకండ్ హ్యాండ్‌లో స్కోడా ఆక్టేవియా, సూపర్బ్, ఫోక్స్‌వ్యాగన్ పాసాట్ చూసేవాళ్లున్నారు. యూరప్‌లో ఇవే బండ్లు పైకప్పు చివరిదాకా సాగి, వెనక సామాన్లకు గది లాంటి చోటు ఉన్న స్టేషన్ వ్యాగన్లుగా బాగా అమ్ముడుపోతాయి. పాసాట్ అయితే 2023లో వచ్చిన కొత్త తరం నుంచి అక్కడ వ్యాగన్‌గానే తయారవుతోంది. మన దగ్గర రోడ్డు మీద కనిపించేవి దాదాపు అన్నీ సెడాన్ ఆకారంలో ఉన్నవే. వెనక భాగం వేరైనా బానెట్ కింద ఉండే ఇంజిన్లు, గేర్‌బాక్సులు ఒకే కుటుంబానివి. ఇక్కడ చెప్పేది రెంటికీ పనికొస్తుంది.

ఈ బండ్లు చెడ్డవని పేరు పడడానికి పెద్ద కారణం డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌లతో తనంతట తానే గేర్లు మార్చుకునే ఆటోమేటిక్ గేర్‌బాక్సు. అది దానంతట అది చెడిపోయే సందర్భాలు ఉన్నాయి, కాదనను. కానీ ఆయిల్ సరిగా మార్చకపోవడం వల్ల, మార్చినా లెవెల్ తప్పుగా పెట్టడం వల్ల పాడయ్యేది నివారించగలిగిన నష్టం. నా పట్టంతా దాని మీదే.

ముందు మీ బండిలో ఏ రకం డీఎస్‌జీ ఉందో తెలుసుకోండి. ఆక్టేవియా 2.0 టీడీఐ డీజిల్, సూపర్బ్ డీజిల్, పాసాట్ డీజిల్‌లో వచ్చేది 6 గేర్ల డీక్యూ250. దీని రెండు క్లచ్‌లూ ఆయిల్‌లో మునిగి తిరుగుతాయి. ఆక్టేవియా 1.8 టీఎస్‌ఐ పెట్రోల్‌లో వచ్చేది 7 గేర్ల డీక్యూ200. దీని క్లచ్ పొడిది. గేర్లు లెక్కపెట్టి తేల్చేయకండి, ఎందుకంటే 2020 తర్వాతి సూపర్బ్ 2.0 టీఎస్‌ఐకీ 7 గేర్లే, కానీ దాని క్లచ్ ఆయిల్‌లో ఉండే రకం.

డీక్యూ250కి ప్రతి 60,000 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్చాలని కంపెనీ లెక్క. మన ఎండలకు, ఊరూరా ఉండే స్పీడ్ బ్రేకర్లకు 50,000కే మార్చడం మంచిదని నా అభిప్రాయం. 'లైఫ్‌టైమ్ ఆయిల్, ముట్టుకోనక్కర్లేదు' అని అమ్మేవాళ్లు చెబితే ఈ గేర్‌బాక్సు విషయంలో నమ్మొద్దు. క్లచ్ అరిగిన పొడి అంతా ఆ ఆయిల్‌లోనే కలుస్తుంది. గేర్లు మార్చే మెకాట్రానిక్ యూనిట్ కూడా అదే ఆయిల్‌తో పనిచేస్తుంది.

గేర్‌బాక్సులో మొత్తం 7 లీటర్ల దాకా ఆయిల్ ఉంటుంది. కింద నుంచి వదిలితే 5 లీటర్ల పైచిలుకు బయటికొస్తుంది. కొత్తది 6 లీటర్లు దగ్గర పెట్టుకుంటే చాలు. డబ్బా మీద జీ 052 182 అనే స్పెసిఫికేషన్ ఉండాలి. మామూలు ఆటోమేటిక్ బండ్లలో పోసే ఎర్ర ఏటీఎఫ్ ఇందులో పోయకూడదు. ఈ క్లచ్ ప్లేట్ల పట్టుకు తగ్గట్టు చేసిన ఆయిల్ వేరు, అది లేకపోతే బండి వణుకుతుంది.

పని ఇలా సాగుతుంది. బండిని నాలుగు వైపులా సమంగా లేపాలి. ముందు భాగం ఒక్కటే జాకీ మీద లేపితే లెవెల్ తప్పుతుంది. కింద డ్రెయిన్ బోల్టుకు 14 ఎంఎం ఆలెన్ కీ పడుతుంది. అది తీశాక ఆయిల్ కాస్త కారి ఆగిపోతుంది, పని అయిపోయిందనుకోకూడదు. ఆ రంధ్రం లోపల ఒక ప్లాస్టిక్ ట్యూబు ఉంటుంది, దాన్ని 8 ఎంఎం ఆలెన్‌తో విప్పితేనే అసలు ఆయిల్ దిగుతుంది. ఫిల్టర్ గేర్‌బాక్సు పైన, 24 ఎంఎం సాకెట్ పట్టే నల్ల మూత కింద ఉంటుంది. దానికోసం బ్యాటరీ, ఎయిర్ ఫిల్టర్ డబ్బా పక్కకు తీయాల్సి రావచ్చు. మూతకున్న రబ్బరు ఓ-రింగ్ కొత్తది వేయాలి. ప్లాస్టిక్ ట్యూబును తిరిగి బిగించేటప్పుడు 3 న్యూటన్ మీటర్లే, అంటే చేతి బిగువు చాలు. ఎక్కువ తిప్పితే విరిగి లోపలే ఉండిపోతుంది. కొత్త ఆయిల్‌ను కింద రంధ్రానికి అడాప్టర్ పెట్టి పంపుతో ఎక్కించాలి.

అసలు కీలకం లెవెల్. ఆ ప్లాస్టిక్ ట్యూబు ఎత్తే లెవెల్ గుర్తు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, బ్రేక్ తొక్కి, లివర్‌ను ప్రతి గేర్‌లో మూడేసి సెకన్లు నిలిపి మళ్లీ పీ (పార్కింగ్)లోకి తేవాలి. బండి కంప్యూటర్‌కు తగిలించి చూసే స్కానర్‌లో గేర్‌బాక్స్ ఆయిల్ వేడి 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు, ఇంజిన్ తిరుగుతుండగానే బోల్టు తీయాలి. ధారగా వస్తే ఆగేదాకా వదలాలి. చుక్కలుగా పడుతుంటే సరిపోయింది. అసలేమీ రాకపోతే ఇంకా ఎక్కించాలి. ఆ తర్వాత కొత్త వాషర్‌తో 45 న్యూటన్ మీటర్లకు బిగించాలి.

మన దగ్గర తప్పు జరిగేది ఇక్కడే. మే నెలలో నల్లగొండలో పగలు 44 డిగ్రీలుంటే, హైవే మీద వచ్చి నేరుగా షెడ్డులో ఎక్కిన బండి ఆయిల్ 45 ఎప్పుడో దాటి ఉంటుంది. వేడికి ఆయిల్ పొంగుతుంది, ట్యూబు ఎత్తుకు మించి కనిపిస్తుంది, చూసేవాళ్లు ఎక్కువైందనుకుని వదిలేస్తారు. చల్లారాక లోపల అవసరమైన దానికన్నా తక్కువ మిగులుతుంది. అప్పుడు బండి నెమ్మదిగా పోయేటప్పుడు జర్క్‌లు ఇస్తుంది, క్లచ్‌లు మరింత వేడెక్కుతాయి. కాబట్టి ఎండాకాలంలో బండిని ముందురోజు సాయంత్రమే షెడ్డులో వదిలి, పొద్దున్నే ఆరింటికి పని మొదలుపెట్టించండి. 'అన్నా, టెంపరేచర్ స్కానర్‌లో చూపించు' అని అడగడానికి మొహమాటపడకండి. స్కానర్ లేని షెడ్డులో ఈ పని చేయించకపోవడమే నయం.

దీనితో ముడిపడిన ఇంకో సంగతి కూలెంట్. డీక్యూ250 ఆయిల్‌ను చల్లబరిచేది ఇంజిన్ కూలెంటే, గేర్‌బాక్సు మీద దానికో చిన్న కూలర్ ఉంటుంది. నల్లగొండ జిల్లా బోరు నీళ్ల గురించి కొత్తగా చెప్పేదేముంది! ఫ్లోరైడ్ ఒక్కటే కాదు, ఉప్పులు బాగా ఉన్న గట్టి నీళ్లవి. కూలెంట్ తగ్గిందని దారిలో బోరు నీళ్లు పోస్తూ పోతే, ఆ సన్నని దారుల్లో తెల్లటి పొర కడుతుంది. ఇంజిన్ వేడి ముల్లు మామూలుగానే చూపిస్తుంటుంది, గేర్‌బాక్సు మాత్రం లోపల కాగుతుంది. కంపెనీ కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి డిక్కీలో ఒక లీటరు సీసా ఉంచుకోండి.

డీక్యూ200 సంగతి వేరు. దీనికి ఆయిల్ మార్పు షెడ్యూల్ లేదు. గేర్లకు సుమారు 1.7 లీటర్లు, మెకాట్రానిక్‌కు విడిగా సుమారు ఒక లీటరు ఉంటుంది. 2013 నవంబరులో ఫోక్స్‌వ్యాగన్ ప్రపంచవ్యాప్తంగా దాదాపు 16 లక్షల బండ్లను వెనక్కి పిలిచి, ఈ గేర్‌బాక్సులో సింథటిక్ ఆయిల్ తీసి మినరల్ ఆయిల్ పోసింది. వేడి, తేమ ఉన్న చోట్ల సింథటిక్ వల్ల లోపలి ఎలక్ట్రానిక్స్ షార్ట్ కావడం కారణం. అందుకే 2013, అంతకు ముందు బండి కొంటుంటే ఆ మార్పు జరిగిన రికార్డు అడగండి. స్కానర్‌లో పీ17బీఎఫ్ గానీ పీ189సీ గానీ అనే లోపం కోడ్ కనిపిస్తే మెకాట్రానిక్‌లో ప్రెషర్ నిలవడం లేదని అర్థం. కోడ్ చెరిపేసి అమ్మేవాళ్లున్నారు, కాబట్టి ఇరవై కిలోమీటర్లు నడిపాక మళ్లీ స్కాన్ చేయించండి. బాగు చేయించాలంటే ఖర్చు లక్ష దాటొచ్చు.

కొనే ముందు రాత్రంతా ఆగి ఉన్న బండినే చూడండి. లివర్ డీ (ముందుకు)లో, ఆర్ (రివర్స్)లో వేయగానే గేర్ పట్టుకోవాలి, ఒకటి రెండు సెకన్లు ఆలోచించకూడదు. యాక్సిలరేటర్ ముట్టీముట్టనట్టు నొక్కి రెండో గేర్, మూడో గేర్ మారేచోట వణుకు ఉందేమో గమనించండి. కొంచెం ఎత్తు మీద రివర్స్ తీయండి, అరిగిన క్లచ్ అక్కడే బయటపడుతుంది. ఇంజిన్ ఆపేటప్పుడు గలగలమంటే ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య తిరిగే ఫ్లైవీల్ మీద అనుమానం పెట్టుకోండి.

నడపడంలో డీక్యూ200 ఉన్నవాళ్లకు ముఖ్యంగా ఒక మాట. సంక్రాంతి ముందు పంతంగి టోల్ దగ్గర క్యూలో బండిని అంగుళం అంగుళం పాకించకండి. ముందు బండి నాలుగైదు గజాలు కదిలాక ఒకేసారి వెళ్లి ఆగండి. బ్రేక్ గట్టిగా తొక్కితే క్లచ్ పూర్తిగా విడిపోతుంది, సగం తొక్కితే రాసుకుంటూ ఉంటుంది. ఎత్తు మీద బండిని యాక్సిలరేటర్‌తో నిలబెట్టడం క్లచ్‌ను చేతులారా కాల్చుకోవడమే. శ్రీశైలం దారిలో దోమలపెంట దాటాక డ్యాం వైపు దిగేటప్పుడు మాన్యువల్ మోడ్‌లో రెండో, మూడో గేర్ పెట్టుకుంటే బ్రేకులు మిగులుతాయి. దిగుడులో న్యూట్రల్ వద్దే వద్దు.

వానాకాలం, యాసంగి కోతలప్పుడు రోడ్ల మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. పొట్టు, దుమ్ము ముందు జాలీలోంచి వెళ్లి రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కుంటాయి. కోతలయ్యాక తక్కువ ప్రెషర్ నీళ్లతో, వీలైతే లోపలి వైపు నుంచి కడిగించండి. గడ్డి కుప్పల మీద బండి ఆపకండి, కింద క్యాటలిటిక్ కన్వర్టర్ వేడికి గడ్డి అంటుకోగలదు.

దారిలో ఆగిపోతే తాడు కట్టి లాగించే ముందు ఆలోచించండి. లివర్ న్యూట్రల్‌లో ఉంచి, గంటకు 50 కిలోమీటర్ల వేగం మించకుండా, 50 కిలోమీటర్ల దూరం మించకుండా లాగొచ్చని కంపెనీ పరిమితి. దేవరకొండ దగ్గర ఆగితే హైదరాబాద్ దాకా ఆ లెక్క సరిపోదు. చక్రాలు నేలకు తగలకుండా మోసుకెళ్లే ఫ్లాట్‌బెడ్ బండినే పిలిపించండి.