లింకు అందరికీ వెళ్ళింది, వచ్చిందెవరు?

మా సంఘం పనులు ఆన్‌లైన్‌కి మారినప్పుడు ఆ బాధ్యత నా నెత్తిన పడింది. నోటీసులు ఫోన్ గ్రూపులో, సమావేశాలు వీడియో కాల్‌లో, అభిప్రాయాలు ఒక ఫారంలో. హాజరు పెరిగిందని కార్యవర్గం సంబరపడింది. అసలు ఎవరొస్తున్నారో చూద్దామని సభ్యుల జాబితానీ, ఫారం నింపినవాళ్ళ జాబితానీ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. అంతకుముందు హాల్లో గట్టిగా మాట్లాడినవాళ్ళే ఇప్పుడు ఇంట్లోంచి మాట్లాడుతున్నారు. చూపు లేని సభ్యులు, వినపడని ఒక జంట, బటన్ ఫోన్ తప్ప వాడని పెద్దవాళ్ళు ఎక్కడా లేరు. నేను ఊహించనిది ఇంకోటి: ఆడవాళ్ళు సగానికి సగం మాయం.

ఎందుకు రావడం లేదో కనుక్కోవడానికి ఒక సర్వే ఫారం పంపుదామని ఒకాయన సలహా ఇచ్చారు. ఫారం నింపలేకపోతున్నవాళ్ళని ఫారంలోనే అడగమని! ఒక్కొక్కరికీ ఫోన్ చేసుకుంటూ పోయాను.

చూపు లేని సభ్యుల్లో ఒకాయన "చెబితే మీకు అర్థం కాదండీ, ఒకసారి వచ్చి వినండి" అన్నారు. వెళ్ళాను. ఆయన ఆండ్రాయిడ్ ఫోన్లో టాక్‌బ్యాక్ వాడతారు. తెర మీద వేలు జరిపితే వేలి కింద ఏముందో ఒక గొంతు చదువుతుంది. ఆయన అలవాటు పడ్డ వేగంలో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, నా కోసం తగ్గించారు. మా గ్రూపు తెరిచారు. "ఫొటో" అంది. వేలు జరిపారు. "ఫొటో." మళ్ళీ జరిపారు. "ఫొటో." రంగురంగుల పోస్టర్లుగా పంపిన నోటీసులన్నీ ఆయనకి ఆ ఒక్క మాటే. తర్వాత ఫారం: "ఎడిట్ బాక్స్", "ఎడిట్ బాక్స్", "బటన్". పేరు ఏ పెట్టెలో రాయాలో, సభ్యత్వ సంఖ్య ఏ పెట్టెలో రాయాలో కళ్ళున్నవాళ్ళకి పక్కనున్న అక్షరాలు చెబుతాయి. ఆ అక్షరాలకీ పెట్టెకీ కోడ్‌లో ముడి వెయ్యకపోతే ఆ గొంతుకి ఏది ఏదో తెలియదు.

నియమావళి ఫైలు తెరిచినప్పుడు మాత్రం ఇద్దరం నవ్వుకున్నాం. గొంతు అర్థం పర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు వల్లిస్తోంది. అది పాత డీటీపీ ఫాంటుతో కొట్టిన తెలుగు. కంటికి తెలుగులా కనిపిస్తుంది గానీ లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాలే, ఫాంటు వాటికి తెలుగు బొమ్మలు తొడుగుతుంది. ప్రతి భాష అక్షరాలకీ విడిగా సంకేతాలిచ్చే ప్రమాణం యూనికోడ్. అందులో తెలుగు 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచీ ఉంది. ఆ ఫైలు కొట్టినవాళ్ళకి అప్పట్లో అచ్చు కాగితం వస్తే చాలు, వాళ్ళని అనేదేం లేదు. యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులూ పొల్లులూ సరిచేసుకుంటూ చదవడానికి చాలా ఓపిక పట్టింది.

వెబ్ పేజీలు వైకల్యం ఉన్నవాళ్ళకీ అందాలంటే ఎలా ఉండాలో చెప్పే ప్రమాణాలు ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం ఈ విషయం మీద 1999లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 2008లో వాటిని తిరగరాసింది. ఇప్పుడు నడుస్తున్న 2.2 వెర్షన్ 2023లో వచ్చింది. మొదటిసారి చదివితే తల తిరుగుతుంది, కానీ కొన్ని లెక్కలు చాలా తేట. మామూలు సైజు అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య వెలుగులో తేడా కనీసం 4.5:1 ఉండాలి. మా పేజీలో తెల్లటి మీద నారింజ అక్షరాలు 2:1 కూడా దాటలేదు. చూపు మందగించిన పెద్దవాళ్ళు "ఏదో లేతగా ఉందమ్మా" అని ఎప్పటి నుంచో అంటున్నది ఇదే.

ఉచితంగా దొరికే తనిఖీ టూల్స్ కూడా వాడాను. పనికొస్తాయి, కానీ వాటి మార్కులు చూసి మురిసిపోవద్దు. ఫొటోకి వివరణ ఉందా లేదా అన్నంత వరకే అవి చూస్తాయి. వివరణ పెట్టెలో "బొమ్మ" అని రాసినా పాస్ చేసేస్తాయి.

అన్నిటికంటే ఎక్కువ నేర్పింది వినపడని జంట. యాప్ ఇచ్చే ఆటోమేటిక్ క్యాప్షన్లు ఆన్ చేస్తే సరిపోతుందనుకున్నాం. ఒకరు నెమ్మదిగా మాట్లాడితే పరవాలేదు, ఇద్దరు ఒకేసారి అందుకుంటే అది ఏ భాషా కాదు. వాళ్ళిద్దరికీ సైగల భాషే మాతృభాష లాంటిది. రాసిన తెలుగు వాళ్ళకి రెండో భాష అన్న సంగతి అప్పటిదాకా మాలో ఎవరికీ తట్టలేదు. సైగల అనువాదకులు ఇద్దరు కావాలన్నారు, ఎందుకంటే సుమారు 20 నిమిషాలకోసారి చేతులు మారకపోతే అలసటతో తప్పులు దొర్లుతాయి. ఎవరైనా స్క్రీన్ షేర్ చేసిన మరుక్షణం అనువాదకుల పెట్టె మూలకి పోయి గోరంత అయిపోయేది. దాన్ని పిన్ చెయ్యడం, అంటే తెర మీద పెద్దదిగా నిలిపి ఉంచడం, ఇద్దరికీ నేర్పాం.

ఇంత చేసినా వాళ్ళు ఒక్క మాటా మాట్లాడలేదు. సమావేశం అయ్యాక ఆవిడ గ్రూపులో రాశారు: "నేను చెయ్యెత్తేసరికి తీర్మానం అయిపోతోంది." రికార్డింగ్ మళ్ళీ చూశాను. అధ్యక్షులవారు "ఎవరికీ అభ్యంతరం లేదుగా, ఆమోదం" అని ఒకే ఊపిరిలో అనేస్తున్నారు. మాట సైగగా మారి వాళ్ళకి చేరడానికి కొన్ని సెకన్లు పడుతుంది, జవాబు మాటగా మారడానికి ఇంకొన్ని. అంతలో తర్వాతి అంశం మొదలైపోయింది. దీనికి ఏ సాఫ్ట్‌వేర్ మందూ లేదు. ప్రతి తీర్మానానికి ముందు ఆగి, అనువాదకులు సరేనన్నాకే ముందుకెళ్ళాలని నియమం పెట్టుకున్నాం. మొదట్లో ఆ నిశ్శబ్దం చాలామందికి ఇబ్బందిగా ఉండేది, నాకైతే మహా టెన్షన్. విచిత్రంగా, మామూలుగా మాట్లాడని ఇంకొందరు ఆ ఖాళీలోనే నోరు విప్పారు.

బటన్ ఫోన్ వాళ్ళ సంగతి తేలిగ్గానే తేలింది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2024లో వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో దాదాపు 260 కోట్ల మందికి ఇంటర్నెట్ లేదు. అలాంటివాళ్ళు మా జాబితాలోనూ ఉన్నారంటే ఆశ్చర్యమేముంది! వీడియో సమావేశంలోకి మామూలు ఫోన్ కాల్‌తో కూడా చేరవచ్చు. జూమ్ లాంటి వాటిలో అలా చేరినవాళ్ళు స్టార్ 6 నొక్కితే మైక్ తెరుచుకుంటుంది, స్టార్ 9 నొక్కితే చెయ్యెత్తినట్టు. ఈ రెండూ పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి ఫోన్ పక్కన అంటించమన్నాం. నోటీసు సారాంశం ఎస్సెమ్మెస్‌లో పంపుతున్నాం.

ఆడవాళ్ళ విషయం ఇంత సులువు కాదు. ఒకావిడ చెప్పింది: "ఫోన్ మా ఆయనదండీ. ఆయన ఓటేశాక నాది వెయ్యబోతే ఇప్పటికే వేశారు అంటోంది." ఒక ఖాతాకి ఒకే ఓటు అన్న సెట్టింగు దొంగ ఓట్లు ఆపడానికి పెట్టింది, ఆపింది మాత్రం ఈవిడని. ఫోన్ నంబరుకి బదులు సభ్యత్వ సంఖ్యకి ఓటు ఇద్దామంటే కార్యవర్గంలో పెద్ద రభస. "ఇద్దరు ముగ్గురి కోసం ఇంత మార్చాలా?" అన్నారు ఒకరు. నేను పక్కపక్కన పెట్టుకున్న ఆ రెండు జాబితాలే వాళ్ళ ముందు పెట్టాను. ఇద్దరు ముగ్గురు కాదు.

ఇప్పుడు ఓటు వారం రోజులు తెరిచి ఉంటుంది. సొంత ఫోన్ లేని ఆడవాళ్ళకి, వాళ్ళు చెప్పిన టైముకి మా మహిళా సభ్యుల్లో ఒకరు ఫోన్ చేసి ఓటు రాసుకుంటారు. కొత్త ఫారం ఏది తయారైనా ముందు టాక్‌బ్యాక్ వాడే ఆయన దగ్గరికే వెళ్తుంది. ఆయన సరే అనేదాకా గ్రూపులోకి పోదు. మొహమాటం లేని మనిషి, రెండుసార్లు తిప్పి పంపిన ఫారాలూ ఉన్నాయి.

ఈ మధ్య ఆయనే ఇంకో పేచీ పెట్టారు. ఫోన్లో చెప్పే ఓటు రాసుకునేవాళ్ళకి తెలిసిపోతోందిగా, మిగతావాళ్ళ ఓటు రహస్యం, ఫోన్ వాళ్ళది మాత్రం బహిరంగమా అని. న్యాయమైన ప్రశ్నే. కాల్ వచ్చినప్పుడు కీప్యాడ్ మీద 1 గానీ 2 గానీ నొక్కి ఓటేసే ఐవీఆర్ఎస్ పద్ధతి పరిశీలిస్తున్నాం. ఇంట్లో భుజం మీదుగా తొంగి చూసేవాళ్ళని అది కూడా ఆపదని, వాళ్ళాయన ఫోన్ వాడే ఆవిడ అప్పుడే చెప్పేసింది.