బ్రేకు తొక్కితే తగ్గిపోయే లైటు

మూడేళ్ల తర్వాత సెలవు దొరికి కడపకు వచ్చి వారమైంది. వచ్చిన రెండో రోజే రాయచోటి రోడ్డులో మా మేస్త్రి షెడ్డుకు పోయాను. కువైట్‌లో షువైఖ్ ఇండస్ట్రియల్ ఏరియాలో ఆటో ఎలక్ట్రీషియన్‌గా ఏడేళ్లుగా నేను తింటున్న అన్నం ఆ రేకుల షెడ్డు పెట్టిందే. ఆయన ఆరోగ్యం అడుగుదామనుకుంటే, టీ చేతికిచ్చీ ఇవ్వకముందే "ఈమధ్య కష్టమైన బండి ఏదన్నా వచ్చిందా అబ్బీ" అని ఆయనే అడిగాడు. దాంతో ఆ ఆకుపచ్చ బండి సంగతి మొదలుపెట్టాను.

ఆగస్టులో ఒక కువైటీ పెద్దాయన 1971 మోడల్ అమెరికన్ పికప్ తెచ్చాడు. పికప్‌ను అక్కడ వానెత్ అంటారు, లైటును లేత్ అంటారు, సగం మాటలు మనకు ఇట్టే పట్టుబడతాయి. వాళ్ల నాయన నడిపిన బండట. కొత్తగా పెయింటింగ్ చేయించాడు, అద్దంలా ఉంది. కానీ రాత్రిపూట బయటికి తీయలేకపోతున్నాడు. లైట్లు వేసుకుని బ్రేకు తొక్కితే వెనక ఎడమవైపు లైటు పెరగాల్సింది పోయి తగ్గిపోతోంది. హెడ్‌లైట్లు పది నిమిషాలు వెలిగి టప్పున ఆరిపోతాయి, కాసేపటికి వాటంతటవే వస్తాయి. అప్పటికే రెండు గ్యారేజీలు తిరిగాడు. బల్బులు మార్చారు, ఇండికేటర్‌ను మిణుకుమనిపించే ఫ్లాషర్ మార్చారు, డబ్బులు అయిపోయాయి, జబ్బు మాత్రం అట్లే ఉంది.

కువైట్ పోయిన కొత్తలో అమెరికన్ బండ్ల దగ్గర నేను చాలా తికమకపడ్డాను. మన లారీలకు బ్రేకు లైటు వేరు, పసుప్పచ్చ ఇండికేటర్ వేరు. ఆ పాత పికప్‌లలో వెనక ఒకే ఎర్ర బల్బు, అందులో రెండు ఫిలమెంట్లు. చిన్నది లైట్లు వేసినప్పుడు వెలిగే టెయిల్ లైటుకి, 8 వాట్ల చిల్లర. పెద్దది 27 వాట్ల దాకా ఉంటుంది, బ్రేకుకూ అదే, ఇండికేటర్‌కూ అదే. అందుకే బ్రేకు వైరు తిన్నగా వెనక్కి పోదు, స్టీరింగ్ దగ్గరి ఇండికేటర్ స్విచ్‌లోంచి తిరిగి పోతుంది. ఈ సంగతి తెలియనివాడు బ్రేకు స్విచ్‌నే పట్టుకుని రోజంతా కూర్చుంటాడు. నేనూ కూర్చున్నాను.

"ఎర్త్ చూసినావా?" అన్నాడు మేస్త్రి. కరెంటు బండి ఇనుప ఒంటి గుండా బ్యాటరీకి తిరిగొచ్చే దారినే మేం ఎర్త్ అంటాం. నా చిన్నప్పటి నుంచీ ఆయన మొదటి ప్రశ్న అదే. మంగంపేట ముగ్గురాయి లారీలు, బండలు తోలే లారీలు వచ్చేవి, వెనక లైటు విప్పితే పిడికెడు దుమ్ము రాలేది. బల్బు మీద చెయ్యి వేస్తే ఆయన ఊరుకునేవాడు కాదు. "గువ్వలచెరువు ఘాట్లో దిగేటప్పుడు బ్రేకు లైటు వెలగకపోతే వెనకొచ్చే బండోడు ఏం గావాల రా" అని కసిరేవాడు. ఆ మాట నాకు ఇప్పటికీ పని చేసేటప్పుడు చెవిలో వినిపిస్తుంది.

చూశాను. మీటర్ నల్ల వైరు బ్యాటరీ మైనస్‌కు, ఎర్ర వైరు బల్బు హోల్డర్ ఒంటికి పెట్టి లైట్లు వేయించాను. ఎర్త్ బాగుంటే 0.1, మహా అయితే 0.2 వోల్టు చూపించాలి. 3 దాటింది. హెల్పర్ కుర్రాణ్ని బ్రేకు తొక్కి పట్టుకోమంటే 8కి ఎగిరింది. 12 వోల్టుల్లో 8 ఎర్త్ దగ్గరే పోతే బల్బుకు మిగిలేదెంత? పెద్ద ఫిలమెంట్ కరెంటు లాగేకొద్దీ చిన్నది కూడా చిక్కిపోతుంది. అందుకే తొక్కినప్పుడల్లా లైటు తగ్గడం.

కారణం ఆ అందమైన రంగే. ఆ బండికి లైటు ఎర్త్ వేరే వైరుతో రాదు, లైటు డబ్బాను బాడీకి బిగించే స్క్రూల ద్వారా వస్తుంది. పెయింటర్ డబ్బా విప్పి, బాడీకి లోపలా బయటా దళసరిగా రంగు కొట్టి, మళ్లీ బిగించాడు. ఇనుముకూ ఇనుముకూ మధ్య రంగు పొర. బయటికి కనిపించకుండా, స్క్రూ తల కింద రూపాయి బిళ్లంత మేర ఎమరీ పేపర్‌తో గీకాను. ఆకుపచ్చ పోయి, ప్రైమర్ బూడిద రంగు పోయి, తెల్లగా ఇనుము మెరిసేదాకా. పళ్ల వాషర్ వేసి బిగించాను. మీటర్ 0.1 చూపించింది, బ్రేకు తొక్కగానే వెనక గోడంతా ఎర్రబడింది.

హెడ్‌లైట్లది వేరే కథ. ఆ కాలం అమెరికన్ బండ్లలో చాలావాటికి లైటు స్విచ్‌లోనే సర్క్యూట్ బ్రేకర్ ఉంటుంది, కరెంటు ఎక్కువై వేడెక్కితే తెగుతుంది, చల్లారితే కలుస్తుంది. ఎవరో 100 వాట్ల హాలోజన్లు పెట్టారు. రెండింటికీ కలిపి 16 ఆంపియర్ల పైనే, దానికి తోడు ఆగస్టు ఎండకు కాగిన డాష్‌బోర్డు. 55 వాట్లవి వేసి, బ్యాటరీ నుంచి ఫ్యూజుతో రిలే కట్టాను, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్. హెడ్‌లైట్ల తరఫున ఇప్పుడు డాష్‌బోర్డు స్విచ్ మీద రిలే కాయిల్ బరువే.

పెద్దాయన బండి చుట్టూ రెండు సార్లు తిరిగి, నా భుజం తట్టి, మాట్లాడలేకపోయాడు. నాకూ గొంతు పట్టేసింది.

అంతా విని మేస్త్రి కాసేపు ఊరుకున్నాడు. "గీకిన చోట గ్రీజు పెట్టినావా?"

పెట్టలేదు. కువైట్‌లో సముద్రపు గాలి, ఉత్త ఇనుము, ఏడాది తిరక్కుండానే తుప్పు పట్టి మళ్లీ అదే జబ్బు వస్తుంది. మేస్త్రి షెడ్డులోంచే కువైట్ గ్యారేజీకి ఫోన్ చేశాను. నా హెల్పర్ కుర్రాడు, వాడిదీ మన జిల్లానే, పెద్దాయనను బండి తెమ్మని పిలిపించాడు. మర్నాడు మధ్యాహ్నానికి ఫోటో వచ్చింది, స్క్రూ కింద సన్నగా గ్రీజు. షెడ్డుకు పట్టుకుపోయి చూపించాను.

మేస్త్రి కళ్లజోడు సర్దుకుని ఫోన్‌ను వెలుతురుకు తిప్పాడు. "ఇది ఎడమ. కుడివైపుది ఏది అబ్బీ?"

మళ్లీ ఫోన్ కలిపాను.