బైసెప్ కర్ల్‌లో దండ కంటే ముందే ముంజేయి అలిసిపోతుంటే: నా అనుభవం

బైసెప్ కర్ల్ అంటే డంబెల్ గానీ రాడ్ గానీ పట్టుకుని మోచేయి వంచి పైకెత్తడం. ఒకసారి ఎత్తి దించితే ఒక రెప్, ఆపకుండా చేసే కొన్ని రెప్స్ కలిపితే ఒక సెట్. పన్నెండు రెప్స్ అనుకున్న సెట్ నాకు ఎనిమిదో రెప్ దగ్గరే ఆగిపోయేది. దండలో, అంటే మోచేతి పైన ఉండే బైసెప్ కండలో, ఇంకా ఓపిక ఉండేది. ముంజేయి మాత్రం రాయిలా బిగుసుకుపోయి, వేళ్లు వాటంతటవే తెరుచుకునేవి. సెట్ అయ్యాక నీళ్ల సీసా మూత తిప్పాలన్నా కష్టంగా ఉండేది. ‘ముంజేతుల్లో బలం లేదు, వాటికి వేరే వ్యాయామం చెయ్యి’ అని జిమ్‌లో అందరూ చెప్పే మాటే నేనూ మొదట నమ్మాను. అది సగం కూడా నిజం కాదని తేలడానికి ఎనిమిది వారాలు పట్టింది. చాలామందిలో ముంజేయి బలహీనంగా ఉండదు. మనం డంబెల్ పట్టుకునే తీరు, మణికట్టు ఉంచే తీరు కలిసి దానికి లేని పని అప్పగిస్తాయి.

ముందు అది అలసటా, నొప్పా అన్నది విడదీసుకోవాలి. సెట్ మధ్యలో ముంజేయి మొత్తం నిండినట్టు, మండినట్టు అనిపించి రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోతే అది అలసట. ఒక్క వేలితో ‘ఇక్కడే’ అని చూపించగలిగితే అది నొప్పి, దాని లెక్క వేరు. మోచేతి లోపలి వైపు పొడుచుకొచ్చిన ఎముక దగ్గర నొప్పి ఉంటే, మణికట్టును లోపలికి వంచే కండరాలు పుట్టే చోటు ఒత్తిడికి లోనవుతోందన్నమాట. బయటి వైపు ఎముక దగ్గరైతే, మణికట్టును వెనక్కి ఎత్తే కండరాలది ఆ బాధ. రాడ్‌ను కిందికి దించేటప్పుడు మాత్రమే ముంజేతి ఎముక వెంబడి గీత గీసినట్టు లాగితే అనుమానం మొదట తిన్నని రాడ్ మీదికే వెళ్లాలి. ఉంగరపు వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కినా, బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కినా అది నరానికి సంబంధించిన సంగతి. అక్కడ కింద చెప్పే సర్దుబాట్లతో కాలం గడపకుండా డాక్టరుకు చూపించుకోవాలి. ‘టప్’మని శబ్దం వచ్చి, మోచేతి మడత దగ్గర కమిలి, బైసెప్ పైకి ముద్దలా జరిగినట్టు కనిపిస్తే ఆ రోజే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చాలా రోజుల విరామం తర్వాత విపరీతంగా కర్ల్స్ చేసి, మర్నాడు చేతులు వాచి, మోచేయి చాపలేక, మూత్రం కోలా రంగులో వస్తే ఆసుపత్రికి వెళ్లడానికి క్షణం కూడా ఆలస్యం చేయకూడదు. అది కిడ్నీలను దెబ్బతీయగల స్థితి.

నాది ఎక్కువగా అలసట. మోచేతి లోపలి వైపు కొంచెం సలుపు కూడా ఉండేది.

కర్ల్‌లో మోచేతిని వంచే కండరాలు మూడు. పైకి కనిపించే బైసెప్, దాని కింద దాగి ఉండే బ్రేకియాలిస్, ముంజేతి బొటనవేలి వైపు అంచున పొడుగ్గా సాగే బ్రేకియోరేడియాలిస్. ఈ మూడోది ఉండేది ముంజేతిలోనే అయినా దాని పని మోచేతిని వంచడం. కాబట్టి కర్ల్ చేస్తే ముంజేయి కొంత అలవడం తప్పు కాదు, తప్పదు కూడా. హ్యామర్ కర్ల్‌లో, అంటే బొటనవేలు పైకి ఉంచి ఎత్తినప్పుడు, ఈ కండరం వాటా బాగా పెరుగుతుంది. బైసెప్‌కు మాత్రం రెండో పని ఉంది, అరచేతిని పైకి తిప్పడం. అరచేయి పూర్తిగా పైకి తిరిగి ఉన్నప్పుడే అది గట్టిగా అందుకుంటుంది. ఇవి కాక మణికట్టును, వేళ్లను బిగించి పట్టే కండరాలు వేరే ఉన్నాయి. ముందే చేతులెత్తేసేవి సాధారణంగా ఇవే.

తప్పు పట్టులో ఉందా, మరోచోట ఉందా అని తేల్చుకోవడానికి నాకు దొరికిన మంచి పరీక్ష ఒకటే. కేబుల్ మెషీన్‌లో కాలి చీలమండకు కట్టే పట్టీ ఉంటుంది కదా, దాన్ని మణికట్టుకు కట్టి, కప్పీని కింది నుంచి పెట్టి, వేళ్లు వదులుగా ఉంచి కర్ల్ చేయడం. పట్టుకోవడమన్నదే లేదు కాబట్టి వేళ్ల కండరాలకు పని ఉండదు. అలా చేసినప్పుడు దండ ముందు అలిసి, ముంజేయి హాయిగా ఉంటే దోషం పట్టుదే. అప్పుడు కూడా అదే చోట నొప్పి వస్తే అది మోచేతిని వంచడంలోనే ఉంది, ఫిజియోథెరపిస్టుకు చూపించడం మేలు. నాకు మొదటిసారే పదిహేను రెప్స్ వచ్చాయి, ముంజేతిలో ఏ బాధా లేదు.

ఆ తర్వాత ఫోన్‌ను నడుము ఎత్తులో పక్కన పెట్టి వీడియో తీసుకున్నాను. అద్దంలో ఎదురుగా చూసుకుంటే మణికట్టు సంగతి తెలియదు. పక్క నుంచి చూస్తే నాలుగో రెప్ నుంచే మణికట్టు లోపలికి, అంటే దండ వైపుకు ముడుచుకుంటోంది. డంబెల్ పైకి వచ్చేస్తోందని మనకు అనిపిస్తుంది గానీ, ఆ చివరి కాస్త దూరం మోచేయి వంచినది కాదు, మణికట్టు వంచినది. ప్రతి రెప్‌కూ ఒక మణికట్టు కర్ల్‌ను ఉచితంగా కలిపి చేస్తున్నామన్నమాట. దీనికి పూర్తి వ్యతిరేకమైన తప్పు కూడా ఉంది. బరువు ఎక్కువై మణికట్టు వెనక్కి వాలిపోవడం. అందులో కండరాలు సాగిన స్థితిలో బరువును ఆపాల్సి వస్తుంది, మోచేతి లోపలి ఎముక దగ్గర లాగుడు పెరుగుతుంది. కావలసింది పిడికిలి వెనుక భాగం, ముంజేయి ఒకే గీతలో ఉండటం. వెనక్కి చాలా కొద్దిగా వాలినా పర్వాలేదు, లోపలికి మాత్రం ముడవకూడదు. స్కేలు ఒకటి ముంజేతి వెనుక ఆనించి ఖాళీ చేత్తో పది రెప్స్ చేస్తే ఆ భంగిమ చేతికి గుర్తుండిపోతుంది.

డంబెల్ అరచేతిలో ఎక్కడ కూర్చుంటుందన్నది ఇంకా ముఖ్యం. చాలామంది దాన్ని వేళ్ల మొదళ్ల దగ్గర, వేళ్ల కొక్కేనికి తగిలించినట్టు పట్టుకుంటారు. అక్కడి నుంచి మణికట్టు కీలుకు సుమారు 8 సెంటీమీటర్లు. అదే పిడిని అరచేతిలో వెనక్కి, బొటనవేలి కింది మెత్తటి కండ పక్కకు జరిపితే దూరం 5 సెంటీమీటర్ల దాకా తగ్గుతుంది. ముంజేయి నేలకు సమాంతరంగా ఉన్న క్షణంలో మణికట్టు మీద పడే తిప్పుడు బలం ఈ దూరాన్ని బట్టే ఉంటుంది. అంటే అదే 10 కిలోల డంబెల్‌కు మూడో వంతు కంటే ఎక్కువ భారం ఊరికే తగ్గిపోతుంది. ముందు పిడిని అరచేతిలో లోతుగా కూర్చోబెట్టి, ఆ తర్వాత వేళ్లు మూయాలి. వేళ్లు ముందు మూస్తే అది మళ్లీ కిందికి జారుతుంది.

ఇక పిండడం. పడిపోదు అన్నంత వరకు పట్టుకుంటే చాలు. నేను పదికి ఆరు అని లెక్క పెట్టుకున్నాను. చివరి రెండు రెప్స్‌లో పట్టు తెలియకుండానే తొమ్మిదికో పదికో వెళ్తుంది, అది సహజమే. మొదటి రెప్ నుంచే పదిలో ఉంటే ముంజేయి ఎనిమిదో రెప్‌కే ఆగిపోతుంది. చెమట వల్ల కూడా గట్టిగా పిండుతాం. మే నెలలో విజయవాడలోనో విశాఖలోనో ఫ్యాన్ కింద కర్ల్ చేసేవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. ప్రతి సెట్‌కు ముందు అరచేయి, పిడి రెండూ తువ్వాలుతో తుడవాలి. జిమ్‌లో ఒప్పుకుంటే చాక్ పొడి కొంచెం. పిడి లావు కూడా చూసుకోవాలి. 28 మిల్లీమీటర్ల పిడి మీద వేళ్లు చుట్టూ తిరిగి బొటనవేలిని తాకుతాయి. రబ్బరు తొడుగు వేసి లావైన పిడి మీద తాకవు, అప్పుడు అదే బరువు చాలా ఎక్కువగా అనిపిస్తుంది. చిన్న చేతులున్నవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, సన్నపిడి డంబెల్స్ వెతుక్కోవడంలో తప్పేమీ లేదు.

తిన్నని రాడ్ సంగతి. అరచేతులు ముందుకు తిప్పి చేతులు వేలాడదీసి నిలబడండి. ముంజేతులు నిటారుగా ఉండవు, మోచేతి నుంచి కొంచెం బయటికి వాలుతాయి. ఈ వాలు మనిషి మనిషికీ తేడా, ఆడవాళ్లలో సాధారణంగా ఎక్కువ. తిన్నని రాడ్ ఈ వాలును లెక్కచేయదు. రెండు చేతులనూ ఒకే గీతలో, పూర్తిగా తిప్పిన స్థితిలో బంధిస్తుంది. తేడా అంతా మణికట్టు చిటికెన వేలి వైపు, ముంజేతి ఎముకల మీద తీర్చుకుంటుంది. మన జిమ్‌లలో జిగ్‌జాగ్ రాడ్ అనేది ఇందుకే ఉంది. దాని లోపలి వంపుల్లో పట్టుకుంటే అరచేయి కొంచెం పక్కకు వాలి మణికట్టుకు ఊపిరాడుతుంది. బైసెప్ తిప్పే పని కాస్త తగ్గుతుంది నిజమే, కానీ నొప్పితో ఆపేసిన పన్నెండు రెప్స్ కంటే నొప్పి లేకుండా పూర్తి చేసిన పన్నెండు మేలు. తిన్నని రాడే కావాలనుకుంటే పట్టును ఒక అరచేతి వెడల్పు అటూ ఇటూ మార్చి, ఎక్కడ లాగుడు తగ్గుతుందో ఖాళీ రాడ్‌తో చూసుకోవాలి. అన్నిటికంటే హాయి డంబెల్స్‌తోనే. చేయి తనకు నచ్చిన కోణంలో తిరుగుతుంది.

బరువు తగ్గించడం అందరికీ కష్టంగా ఉండే పని, కానీ ఇది లేకుండా పైవన్నీ వృథా. 12.5 కిలోల నుంచి 7.5కి దిగాను. వారానికి రెండు రోజులు, మూడేసి సెట్లు, పన్నెండేసి రెప్స్. ఎత్తడానికి ఒక సెకను, దించడానికి మూడు. సెట్ల మధ్య రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో ఫోన్ పట్టుకోకుండా చేతులు వదులుగా వేలాడదీయాలి, వేళ్లు తెరిచి మూయాలి. మూడు సెట్లలోనూ మణికట్టు గీత తప్పకుండా పన్నెండు పూర్తయితేనే 10కి వెళ్లాలి. 7.5 నుంచి 10 అంటే మూడో వంతు పెరుగుదల, చిన్న కండకు అది పెద్ద గెంతు. అందుకే మొదటి వారం ఒక్క సెట్ 10తో, మిగతావి 7.5తో చేయడం మంచిది.

వరుస కూడా చూడాలి. మన దగ్గర బ్యాక్, బైసెప్స్ ఒకే రోజు చేయించడం అలవాటు. డెడ్‌లిఫ్ట్, రోయింగ్, పుల్‌డౌన్ లాంటి వీపు వ్యాయామాలు అయ్యేసరికి వేళ్ల పట్టు అప్పటికే ఖర్చయిపోతుంది, కర్ల్‌కు మిగిలేది అడుగు బొడుగు. నాలుగు వారాల పాటు బైసెప్స్‌ను కాళ్ల రోజుకో, చెస్ట్ రోజుకో మార్చితే తేడా మొదటి రోజే తెలుస్తుంది. మార్చడం కుదరకపోతే రోయింగ్ చివరి సెట్లలో స్ట్రాప్స్, అంటే చేతిని పిడికి కట్టే పట్టీలు, వాడాలి. స్ట్రాప్స్ సరైన చోటు అదే, కర్ల్‌లో కాదు. కర్ల్‌లో స్ట్రాప్స్ కడితే మణికట్టు ముడుచుకునే తప్పు అలాగే ఉండి, కనిపించకుండా పోతుంది. మణికట్టుకు చుట్టే ర్యాప్స్ వేరు. అవి వెనక్కి వాలడాన్ని కొంత ఆపుతాయి గానీ, 7.5 కిలోలకు ర్యాప్ కావాలంటే బరువే తప్పు. ఇంకో మాట: రోజూ గంట సేపు ట్రాఫిక్‌లో క్లచ్ నొక్కుతూ బైక్ నడిపి, ఆపైన ఎనిమిది గంటలు కీబోర్డు కొట్టే చేయి జిమ్‌కు అప్పటికే అలిసి వస్తుంది. దిగగానే కర్ల్‌తో మొదలుపెట్టకుండా ఐదు నిమిషాలు మణికట్లు తిప్పి, 2.5 కిలోలతో ఇరవై రెప్స్ చేసి వేడెక్కించాలి.

మోచేతి లోపలి సలుపుకు నాకు పనిచేసింది కదలకుండా పట్టే వ్యాయామం. ముంజేయి తొడ మీద ఆనించి, అరచేయి పైకి, మణికట్టు తిన్నగా, 3 కిలోల డంబెల్ పట్టుకుని 40 సెకన్లు. ఒక నిమిషం విరామంతో నాలుగుసార్లు, రోజు విడిచి రోజు. చేసేటప్పుడు బాధ పదికి మూడు దాటకూడదు, మర్నాడు పొద్దున ముందురోజు కంటే ఎక్కువ ఉండకూడదు. ఎక్కువైతే 2 కిలోలకు దిగాలి. రెండు మూడు వారాలైనా తగ్గుముఖం పట్టకపోతే ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లడమే.

ముంజేతి వ్యాయామాలు ఆరో వారం తర్వాతే మొదలుపెట్టాను, అదీ సెషన్ చివర్లో. అరచేయి కిందికి పెట్టి చేసే రివర్స్ కర్ల్ ఖాళీ జిగ్‌జాగ్ రాడ్‌తో రెండు సెట్లు, పదిహేనేసి రెప్స్. బార్‌కు వేలాడటం 30 సెకన్ల చొప్పున రెండుసార్లు. ఐదు వేళ్ల చుట్టూ రబ్బరు బ్యాండ్ వేసి బయటికి తెరవడం పాతికసార్లు. రోజంతా మూసే వేళ్లకు తెరిచే పని ఎవరూ ఇవ్వరు, అందుకని దీన్ని మాత్రం మానలేదు. ఎనిమిదో వారంలో 10 కిలోలతో మూడు సెట్లూ పన్నెండు దాకా వెళ్లాయి. ఆఖరి రెప్‌లో ఆగింది దండ.